ఆరిపోని ఒంటరి నక్షత్రం

2004 డిసెంబర్ 26, క్రిస్మస్ మరుసటి రోజు, ఆదివారం. చర్చిల్లో ఆరాధనకు సిద్ధమవుతున్న వేళ సముద్రం హద్దు దాటి నెల్లూరు తీరంలోని మత్స్యకార పల్లెల మీదికి వచ్చింది. పడవలు పోయాయి, వలలు పోయాయి, కొన్ని ఇళ్లలో మనుషులే పోయారు. ఆ తరువాత ఎన్నో వారాలపాటు తీరం వెంబడి సంఘాల్లో వినిపించిన ప్రశ్న ఒక్కటే: ఇది అంత్యకాలమా? 2020లో కరోనా వచ్చినప్పుడు, 2021 నవంబర్‌లో పెన్న పొంగి నెల్లూరు చుట్టుపక్కల ఊళ్లను ముంచినప్పుడు మళ్లీ అదే ప్రశ్న. ఆపద వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ప్రవచనాలను, వార్తలను పక్కపక్కన పెట్టి ప్రభువు రాకడకు ఒక తేదీ చెబుతారు. విన్నవారు కొన్నాళ్లు భయపడతారు, ఉపవాసాలుంటారు. తేదీ దాటిపోగానే భయమూ పోతుంది, భక్తీ పోతుంది. అంత్యదినాలను గురించి మాట్లాడడం సులభమే. ఆ దినాల్లో ఎలా బతకాలన్నదే కష్టమైన ప్రశ్న. దానికి మాటలతో కాక జీవితంతో జవాబు చెప్పిన ఒక మనిషి నెల్లూరు నేల మీద ఒకప్పుడు తిరిగాడు. ఆయన పేరు లైమన్ జ్యూయెట్.

జ్యూయెట్ 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, వాటర్‌ఫర్డ్ అనే ఊళ్లో పుట్టాడు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలోను, ఆ పైన న్యూటన్ వేదాంత కళాశాలలోను చదువుకున్నాడు. ఆయన చదువుకుంటున్న 1840లలో ఆ ప్రాంతమంతా ఒక విచిత్రమైన ఉద్రేకంలో ఉంది. విలియం మిల్లర్ అనే రైతు, ఆయనా బాప్టిస్టు బోధకుడే, దానియేలు గ్రంథంలోని సంఖ్యలను లెక్కగట్టి ప్రభువు రాకడ సమయం తెలిసిపోయిందని ఏళ్ల తరబడి బోధించాడు. ఆ ఉద్యమం చివరికి 1844 అక్టోబర్ 22ను ఆ దినంగా ప్రకటించింది. నమ్మినవారు వేల సంఖ్యలో ఉన్నారు. కొందరు రైతులు పొలంలో పంట కోయకుండా వదిలేశారు. కొందరు వ్యాపారాలు కట్టేశారు. ఆ రాత్రంతా ఆకాశం వైపు చూస్తూ గడిపారు. తెల్లవారింది, సూర్యుడు మామూలుగానే వచ్చాడు. ఆ రోజును చరిత్రలో మహా ఆశాభంగం అని పిలుస్తారు. నమ్మినవారిలో ఎందరో ఆ దెబ్బకు విశ్వాసాన్నే వదిలేశారు.

ఆ దినాన్ని గాని గడియను గాని తండ్రి తప్ప ఎవరూ ఎరుగరని ప్రభువు ముందే చెప్పాడు (మత్తయి 24:36). అదే అధ్యాయంలో ఆయన మరొక మాట కూడా చెప్పాడు. రాజ్య సువార్త లోకమంతటా, సకల జనాలకు సాక్ష్యంగా ప్రకటింపబడిన తరువాతే అంతం వస్తుంది (24:14). మొదటి మాటను మరచిపోయినవారు తేదీలు లెక్కపెట్టారు. రెండో మాటను గుండెలో పెట్టుకున్నవారు ఓడలెక్కారు. జ్యూయెట్ ఓడ ఎక్కినవారిలో ఒకడయ్యాడు. 1848లో బోస్టన్‌లో భార్యతో కలసి బయలుదేరి, 1849 ఏప్రిల్‌లో నెల్లూరు చేరాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరేళ్లు.

ఆయన వచ్చింది వెలుగుతున్న పరిచర్యకు కాదు. దాదాపు ఆరిపోతున్న దీపం దగ్గరికి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌ను ప్రారంభించిన శామ్యూల్ డే 1836లో భారతదేశం వచ్చి, కొంతకాలం ఉత్తర తీరంలోను, మద్రాసులోను ఉండి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. అదే ఏడాది పెన్నా నదిలో మొదటి బాప్తిస్మం జరిగింది. ఆ తరువాత ఏళ్లు గడుస్తున్నా సంఘం పెరగలేదు. డే ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లాల్సి వచ్చింది. ఇంత ఖర్చుకు, ఇంత శ్రమకు ఫలితమేదని అమెరికాలోని మిషన్ పెద్దలు అడగడం మొదలుపెట్టారు. అదే సమయంలో బర్మాలో కరెన్ జాతి ప్రజలు గుంపులుగా ప్రభువును నమ్ముకుంటున్నారు. ఎండిన చేను వదిలి పండుతున్న చేనుకు పనివారిని పంపడం మంచిది కదా అన్నది వారి ఆలోచన. లోకం లెక్కల ప్రకారం అది తప్పు కూడా కాదు. 1848లో మిషన్‌ను మూసేయాలన్న చర్చ వచ్చినప్పుడు డే మొర విని మరొక్కసారి చూద్దామన్నారు. అలా డేతోపాటు కొత్తగా పంపబడినవాడే జ్యూయెట్.

జ్యూయెట్ తెలుగు మీద పట్టుదలతో కూర్చున్నాడు. ఏడాది తిరగకముందే తెలుగులో ప్రసంగం చేయగలిగాడు. ఆ భాష ఆయనకు పనిముట్టుగా మిగలలేదు, ప్రేమగా మారింది. నెల్లూరు బజారుల్లో, చుట్టుపక్కల పల్లెల్లో, జనం కూడే చోటల్లా నిలబడి సువార్త చెప్పాడు. విన్నవారున్నారు, వాదించినవారున్నారు, నవ్వి వెళ్లినవారున్నారు. నమ్మినవారు మాత్రం బహు కొద్దిమంది. 1853లో డే ఆరోగ్యం మళ్లీ దెబ్బతిని శాశ్వతంగా స్వదేశం వెళ్లిపోయాడు. తెలుగు మిషన్ భారమంతా జ్యూయెట్ దంపతుల మీద పడింది.

ఆ 1853లోనే అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సమావేశంలో నెల్లూరును మూసేయాలన్న ప్రతిపాదన మళ్లీ వచ్చింది. మిషన్ కేంద్రాలను గుర్తించిన పటంలో తెలుగు దేశం మొత్తానికి నెల్లూరు ఒక్కటే నక్షత్రంలా కనిపించేది. చర్చలో ఎవరో దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ సభలో ఉన్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్, అమెరికా ప్రజలు పాడుకునే దేశభక్తి గీతాన్ని రచించిన కవి, ఆ మాటను మనసులో పెట్టుకుని రాత్రికి రాత్రే ఆ నక్షత్రాన్ని గురించి ఒక పద్యం రాశాడు. మరునాడు దాన్ని చదివినప్పుడు విన్నవారి కళ్లు చెమర్చాయి. మిషన్ నిలిచింది. అప్పటినుంచి దానికి లోన్ స్టార్ మిషన్ అన్న పేరు స్థిరపడింది. ఎగతాళిగానో జాలిగానో పుట్టిన మాట చివరికి గౌరవనామమైంది.

పేరు మారింది గాని పరిస్థితి మారలేదు. చేతిలో చిన్న గుంపు, ముందు అంతులేని తెలుగు దేశం. అలాంటి వేళ 1853 డిసెంబర్ చివరి దినాల్లో జ్యూయెట్ దంపతులు ఉత్తరంగా, సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఒంగోలు వైపు సువార్త యాత్రకు వెళ్లారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఇంకా పొద్దు పొడవకముందే, ఊరికి దగ్గరలోని కొండ ఎక్కారు. అక్కడికి చేరింది మొత్తం అయిదుగురు. జ్యూయెట్, ఆయన భార్య, నరసు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు క్రైస్తవ స్త్రీలు. ఒక పాట పాడారు. లేఖనం చదివారు. ఒకరి తరువాత ఒకరు మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుడిని పంపమని దేవుణ్ని వేడుకున్నారు. సూర్యుడు పైకి వస్తుంటే కింద పల్లెలు ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. కొండ దిగువన ఒక స్థలాన్ని చూపించి, మిషన్ బంగళాకు అది తగిన చోటు కదా అని జ్యూయెట్ అన్నాడట. చేతిలో డబ్బు లేదు, పంపడానికి మనిషి లేడు, ఉన్న కేంద్రమే ఉంటుందో ఊడుతుందో తెలియదు. అయినా ఆయన ఇంటికి స్థలం చూస్తున్నాడు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

ఇక్కడ యిర్మీయా గుర్తుకు రాక మానడు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది, పట్టణం పడిపోవడం ఖాయం, ప్రవక్త చెరసాల ఆవరణలో ఉన్నాడు. అప్పుడు అతడు అనాతోతులో పొలం కొని, పత్రం రాయించి, మట్టికుండలో భద్రం చేయించాడు (యిర్మీయా 32). నాశనం వస్తుందని అందరికంటె ఎక్కువగా ప్రవచించినవాడే, దేవుడు మళ్లీ కడతాడని నమ్మి వెండి తూచి ఇచ్చాడు. అంత్యాన్ని గురించిన నిజమైన విశ్వాసం ఇలా ఉంటుంది. అది మనిషిని పొలంలో పంట వదిలేసేలా చేయదు. ముట్టడిలోనూ పొలం కొనేలా చేస్తుంది. జ్యూయెట్ కూడా చూపించి ఊరుకోలేదు. సేవకుడు ఇంకా రాకముందే ఒంగోలులో ఒక బంగళాను మిషన్ కోసం సంపాదించి ఉంచాడు.

కొండ మీది ప్రార్థనకు జవాబు మరుసటి నెల రాలేదు, మరుసటి ఏడాదీ రాలేదు. ఎనిమిదేళ్లు గడిచేసరికి జ్యూయెట్ ఆరోగ్యమే పాడైంది. అమెరికా వెళ్లాల్సి వచ్చింది. అక్కడ 1862లో మూడోసారి అదే మాట. ఇక నెల్లూరును వదిలేద్దాం, ఇంతకాలం ఓర్చుకున్నాం చాలు అన్నారు. అప్పుడు జ్యూయెట్ ఇచ్చిన జవాబు తెలుగు సంఘ చరిత్రలో మరువరానిది. మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళతాను, తెలుగువారి మధ్యే బతుకుతాను, అవసరమైతే అక్కడే చనిపోతాను అన్నది దాని సారాంశం. అది విన్న కార్యదర్శి వారెన్, అంతగా వెళ్లేటట్లయితే అక్కడ చనిపోయినప్పుడు క్రైస్తవ మర్యాదతో పూడ్చిపెట్టడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి అన్నాడట. మాటలో కాస్త పరిహాసం ఉంది. దేవుడు ఆ పరిహాసాన్నే వాడుకున్నాడు. పూడ్చడానికి పంపిన ఆ మనిషే జాన్ ఎవరెట్ క్లౌ. కొండ మీద అయిదుగురు అడిగిన సేవకుడు అతడే.

1864 నవంబర్ చివర బోస్టన్‌లో ఓడ ఎక్కిన జ్యూయెట్, క్లౌ దాదాపు అయిదు నెలల ప్రయాణం తరువాత 1865 ఏప్రిల్‌లో చేరుకున్నారు. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే చర్మ వ్యాపారి, సత్యాన్ని వెతుకుతూ ఎంతోకాలం యోగమార్గంలో తిరిగినవాడు, భార్యతో కలసి జ్యూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. ఆ ఏడాదే క్లౌ ఒంగోలుకు మారాడు. 1867 జనవరి 1న, కొండ మీది ప్రార్థనకు సరిగ్గా పదమూడేళ్లకు, ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో ఏర్పడింది.

పేరయ్య సాక్ష్యంతో మాదిగ పల్లెల్లో సువార్త నిప్పులా పాకింది. వెంటనే శ్రమలూ వచ్చాయి. కొత్తగా నమ్మినవారు మూడు నియమాలు పెట్టుకున్నారు. ఆదివారం పని చేయరు, చచ్చిన పశువు మాంసం ముట్టరు, విగ్రహాలకు మొక్కరు. ఊరి పెద్దల జాతరకు డప్పు కొట్టడం మానిన రోజున వారి బతుకుతెరువుకే ముప్పు వచ్చింది. కొన్ని ఊళ్లలో పని ఇవ్వలేదు, నీళ్లు తోడుకోనివ్వలేదు. చదువు లేదు, భూమి లేదు, అండగా నిలిచే బలగం లేదు. అయినా వారు వెనక్కి పోలేదు. అంత్యకాలపు శ్రమలంటే ఆకాశంలో గుర్తులు మాత్రమే అనుకునేవారికి ఈ పల్లెల కథ చెప్పాలి. స్ముర్న సంఘం కూడా ఇలాంటిదే. బీదరికంలో ఉన్నా ఆత్మలో ధనవంతమైనది, మరణం వరకు నమ్మకంగా ఉంటే జీవకిరీటం దొరుకుతుందన్న వాగ్దానం పొందినది (ప్రకటన 2:8-11). ఆ వాగ్దానం రోమా సామ్రాజ్యపు రోజులకే పరిమితం కాదని ఈ పల్లెలు రుజువు చేశాయి.

తరువాత వచ్చింది 1876-78 మహా కరువు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది అదే. వానలు తప్పాయి, చెరువులు ఎండాయి, ధాన్యం ధర ఆకాశానికి ఎక్కింది. దక్షిణ భారతమంతటా యాభై లక్షలకు పైగా జనం ఆకలితోను, కలరా వంటి రోగాలతోను చనిపోయారని అంచనా. కరువులు, తెగుళ్లు, భూకంపాలు అని ప్రభువు చెప్పిన గుర్తులను కళ్లారా చూసిన తరం అది. అంతం వచ్చేసిందని చేతులు ముడుచుకుని కూర్చోవడానికి వారికి కావలసినంత కారణం ఉంది. అలా కూర్చోలేదు. క్లౌ ఒకప్పుడు అమెరికాలో భూముల సర్వే పని నేర్చినవాడు. ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నిలిపాడు. ఆకలితో వచ్చిన వేలాదిమంది మన్ను తవ్వి, కూలి తీసుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. అలసి కూర్చున్న వేళ ఆ మేస్త్రీలే యేసు కథ చెప్పారు. నెల్లూరు తీరం పొడవునా సముద్రాన్ని ఆనుకుని సాగే ఆ కాలువ గట్టున ఇప్పుడు నడిచేవారికి, దానిలో ఒక ముక్క వెనుక ఇంత కథ ఉందని తెలియకపోవచ్చు.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. కరువు సాగినంతకాలం, దాదాపు పదిహేను నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం బతిమాలారు. అన్నం కోసం వచ్చినవారెవరో, ప్రభువు కోసం వచ్చినవారెవరో తేలాలని ఆయన ఆగాడు. సహాయం చేతికి అందుతున్నంతకాలం విశ్వాసం నిగ్గు తేలదని ఆయనకు తెలుసు. సహాయం ముగిసింది, ఇక డబ్బులేమీ లేవు అని తెలియజేసిన తరువాత కూడా జనం ఆగలేదు. 1878 జూన్‌లో బాప్తిస్మాలు మొదలయ్యాయి. జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ నీళ్లలో నిలిచారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606కు చేరింది. మూడుసార్లు మూసేయాలనుకున్న మిషన్ కథ ఇది.

ఆ రోజుల్లో జ్యూయెట్ ఎక్కడున్నాడు? గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చినవారిలో ఆయన లేడు. ఆ మహా పంట క్లౌ పేరుతో, తెలుగు బోధకుల పేరుతో లోకానికి తెలిసింది. జ్యూయెట్ మద్రాసులో తెలుగు కొత్త నిబంధనను సరిదిద్దే పనిలోను, అక్కడి తెలుగువారి మధ్య కొత్త పరిచర్య ప్రారంభించడంలోను ఉన్నాడు. ఒక మాటకు తగిన తెలుగు పదం ఏదని గంటల తరబడి వెతికే పని అది. చప్పట్లు ఉండవు, లెక్కలు ఉండవు. విత్తేవాడొకడు, కోసేవాడొకడు అన్నది ప్రభువు చెప్పిన నియమమే (యోహాను 4:36-38). ఇద్దరూ కలసి సంతోషించాలన్నదీ ఆయన చెప్పిందే. ఆ సంతోషానికి అర్హత సంపాదించుకున్నవాడు జ్యూయెట్. సుమారు మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగువారికి సేవ చేసి, 1880లలో బలం ఉడిగి అమెరికా తిరిగి వెళ్లాడు. 1897లో ప్రభువులో నిద్రించాడు. తెలుగు నేలలో చనిపోతానన్నవాడికి సమాధి మాత్రం స్వదేశంలో దొరికింది. పూడ్చడానికి తోడు పంపిన మనిషికి ఆ పని పడనే లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇది అంత్యకాలమా? అపొస్తలుల కాలం నుంచి సంఘం ఆ ఎదురుచూపులోనే బతుకుతోంది. ప్రభువు ఆలస్యం చేస్తున్నాడని కొందరు అనుకున్నా, ఎవరూ నశించకూడదన్న దీర్ఘశాంతమే ఆ ఆలస్యం అని పేతురు రాశాడు (2 పేతురు 3:9). ప్రభువు రాకడ దగ్గరపడిందని పని మానేసి తిరుగుతున్న థెస్సలొనీక విశ్వాసులను, నెమ్మదిగా పని చేసుకుని తమ అన్నం తాము తినమని పౌలు హెచ్చరించాడు (2 థెస్స 3:10-12). రాకడ ప్రవచనాలన్నీ చెప్పిన తరువాత ప్రభువు ఇచ్చిన ఉపమానంలో, యజమాని వచ్చేసరికి ధన్యుడిగా కనిపించిన దాసుడు ఆకాశం వైపు చూస్తున్నవాడు కాదు. ఇంటివారికి వేళకు అన్నం పెడుతున్నవాడు (మత్తయి 24:45-46). 1844లో పంట వదిలేసి రాత్రంతా మేలుకున్నవారికంటె, 1877లో కాలువ గట్టున ఆకలిగొన్నవారికి కూలి లెక్కపెట్టి ఇచ్చినవారే ఆ ఉపమానానికి దగ్గరగా ఉన్నారు.

తీరంలోని చిన్న సంఘాల కాపరులకు జ్యూయెట్ జీవితం ఒక ఓదార్పు. ఇరవైమంది కూడా నిండని ప్రార్థన మందిరంలో ఏళ్ల తరబడి వాక్యం చెబుతూ, ఫలం లేదని బాధపడుతున్న సేవకులు ఎందరో ఉన్నారు. తుపాను దెబ్బకు పడవ పోగొట్టుకుని, అప్పుల్లో మునిగి, ప్రార్థనకు జవాబు రావడం లేదని లోపల్లోపల కుమిలే విశ్వాసులు ఎందరో ఉన్నారు. కొండ మీద చేసిన ప్రార్థనకు సేవకుడు రావడానికి పదకొండేళ్లు పట్టింది, పంట రావడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది. ఈ మధ్యలో జ్యూయెట్‌కు ఏ తేదీ తెలియదు. ఆయనకు తెలిసింది తాను నిలబడవలసిన చోటు మాత్రమే. కొంచెమే బలమున్నా వాక్యాన్ని విడవని ఫిలదెల్ఫియ సంఘం ముందు, ఎవరూ మూయలేని తలుపు తెరిచి ఉంచానని ప్రభువు చెప్పాడు (ప్రకటన 3:8). నెల్లూరు తలుపును మూయాలని మనుషులు మూడుసార్లు ప్రయత్నించారు. అది మూతపడలేదు.

ప్రభువు వస్తాడు. ఎప్పుడన్నది తండ్రి చేతిలో ఉంది. వచ్చినప్పుడు మనం ఏ పనిలో కనబడతామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.